రుజువుకు నిలవని బూజు మందు

మొక్క ఇచ్చే మందును ఆ మొక్కలోని బూజే ఇచ్చేస్తుందన్న వాదనకు 30 ఏళ్లు దాటాయి. ఇన్నేళ్లలో ఆ దారిన తయారై ఆస్పత్రి మందుల గదికి చేరిన క్యాన్సర్ మందు ఒక్కటీ లేదు. పరిశోధన పత్రాలు మాత్రం వందల్లో వచ్చాయి. పీహెచ్‌డీ పట్టాలు వచ్చాయి, పేటెంట్లు వచ్చాయి, ఒక ప్రాజెక్టు ముగిసిన చోట ఇంకొకటి మొదలైంది. ఈ లెక్క ఇక తేల్చాలి. టాక్సాల్, కాంప్టోథెసిన్, విన్‌క్రిస్టిన్ వంటి మొక్కల మందుల్ని శిలీంధ్రాలతో తయారు చేయిస్తామంటూ, జన్యువుల ఆధారం చూపకుండా ప్రజాధనం అడుగుతున్న ప్రాజెక్టులకు ఇకపై పైసా ఇవ్వకూడదన్నది మా నిశ్చితాభిప్రాయం. అవే శిలీంధ్రాలు తమ కోసం తాము తయారుచేసుకునే రసాయనాల అన్వేషణకైతే ఇప్పటికంటే ఎక్కువే ఇవ్వాలి. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడంతోనే ఇన్నేళ్ల నష్టం జరిగింది.

ఆరోగ్యంగా కనిపించే ఏ ఆకు లోపలైనా శిలీంధ్రాలు కాపురముంటాయి. వేపాకైనా, మర్రాకైనా, అడవిలో ఎవరూ పట్టించుకోని తీగ ఆకైనా అంతే. మొక్కకు జబ్బు చేయకుండా దాని కణజాలంలో బతికే వీటిని ఎండోఫైట్లంటారు. పోటీకి వచ్చే బూజుల్ని, బ్యాక్టీరియాను, ఆకు తినే పురుగుల్ని తట్టుకుని ఇరుకు చోట బతకాలి కాబట్టి ఇవి రకరకాల రసాయనాల్ని సిద్ధం చేసుకుంటాయి. చెన్నైలోని వివేకానంద ఉష్ణమండల శిలీంధ్ర అధ్యయన సంస్థలో టి.ఎస్. సూర్యనారాయణన్ బృందం దక్షిణాది అడవుల్లో ఏళ్ల తరబడి చేసిన పని, ఈ లోకం ఎంత విస్తారమైనదో మన దేశానికి చూపింది. ఆ సంపద మీద మాకు సందేహం లేదు. మొక్క తయారుచేసే అణువునే, అచ్చంగా అదే అణువును, లోపలి శిలీంధ్రం కూడా సొంతంగా తయారుచేస్తుందన్న మాట మీదే మా అభ్యంతరమంతా.

ఆ మాట మొదట గట్టిగా వినిపించింది అమెరికాలోని మోంటానా నుంచి. పసిఫిక్ యూ చెట్టు బెరడులోని టాక్సాల్ నిర్మాణాన్ని మన్రో వాల్, మహారాష్ట్రలోని నందుర్‌బార్‌లో పుట్టిన మన్‌సుఖ్ వాణి కలిసి 1971లో వెల్లడించారు. అండాశయ క్యాన్సర్‌కు మందుగా 1992 డిసెంబరులో దానికి అమెరికా ప్రభుత్వ అనుమతి వచ్చింది. చెట్టు చూస్తే బహు నిదానంగా పెరిగే రకం. బెరడు ఒలిస్తే చచ్చిపోతుంది. ఎండు బెరడు బరువులో మందు సుమారు పదివేలో వంతు. రోగులు ఎక్కువ, చెట్లు తక్కువ. సరిగ్గా ఆ కరువు కాలంలో, 1993లో, ఆండ్రియా స్టీర్ల్, గ్యారీ స్ట్రోబెల్, డొనాల్డ్ స్టీర్ల్ 'సైన్స్' పత్రికలో ఒక పత్రం అచ్చేశారు. యూ చెట్టు లోపలి బెరడులో దొరికిన టాక్సోమైసెస్ ఆండ్రియానే అనే శిలీంధ్రం సీసాలో పెంచితే టాక్సాల్ ఇస్తోందన్నది దాని సారాంశం. లోకం ఊపిరి పీల్చుకుంది.

ఆ పత్రంలోనే ఉన్న అంకెను అప్పుడే నిదానంగా చదివి ఉండాల్సింది. లీటరు ద్రావణానికి దొరికింది 24 నుంచి 50 నానోగ్రాములు. గ్రాములో వంద కోట్లో వంతు ఒక నానోగ్రాము. ఒంటి వైశాల్యాన్ని బట్టి, చదరపు మీటరుకు 175 మిల్లీగ్రాముల చొప్పున ఎక్కించే మందు ఇది. మధ్యస్థంగా ఉండే మహిళకు ఒక విడతకు దాదాపు 280 మిల్లీగ్రాములు పడుతుంది. లీటరుకు 50 నానోగ్రాములనే అనుకుందాం. ఆ ఒక్క విడతకు 56 లక్షల లీటర్ల శిలీంధ్ర ద్రావణం కావాలి. పదివేల లీటర్ల ట్యాంకర్లలో నింపితే 560 ట్యాంకర్లు. ఒక్క రోగికి, ఒక్క విడతకు.

మొదటి ప్రయత్నంలో దిగుబడి తక్కువగా ఉండటం నేరం కాదు. పెన్సిలిన్ కూడా మొదట అరకొరగానే దొరికింది. అయితే పెన్సిలిన్ తయారీకి కావలసిన జన్యువులు ఆ బూజులోనే ఉన్నాయి. అందుకే మేలైన రకాల్ని ఏరుకుంటూ, మేత మారుస్తూ పోయేకొద్దీ దిగుబడి పెరుగుతూ వచ్చింది. టాక్సాల్ శిలీంధ్రం విషయంలో జరిగింది వేరు. గ్రోనింగెన్ పరిశోధకులు 2009లో ఆ తొలి ప్రకటననే ప్రశ్నించారు. 2013లో జర్మనీలోని ఆఖెన్‌కు చెందిన ఫ్రౌన్‌హోఫర్ సంస్థ శాస్త్రవేత్తలు టాక్సోమైసెస్‌ను, యూ చెట్లలో దొరికిన ఇతర శిలీంధ్రాల్ని జన్యువుల స్థాయిలో జల్లెడ పట్టారు. ఇవి స్వతంత్రంగా టాక్సాల్ తయారుచేస్తున్నాయనడానికి ఆధారం లేదని తేల్చి చెప్పారు. ఆ తీర్పు వెలువడి పదేళ్లు దాటినా, కొత్తగా ఇంకో శిలీంధ్రంలో టాక్సాల్ దొరికిందన్న పత్రాలు ఆగలేదు. భారీ దిగుబడులు ప్రకటించినవీ వాటిలో ఉన్నాయి. వాటిలో ఏదీ ఫ్యాక్టరీ గడప తొక్కలేదు.

ఇంతమంది చూశామంటున్నది మరేమిటి? ల్యాబ్‌లో జరిగే పనిని దగ్గరుండి గమనిస్తే సమాధానం చాలావరకు అక్కడే దొరుకుతుంది. కోసుకొచ్చిన కొమ్మ ముక్కను కుళాయి నీళ్లలో కడుగుతారు. 70 శాతం ఆల్కహాల్‌లో ముంచుతారు. పైనున్న సూక్ష్మజీవులు చావడానికి సోడియం హైపోక్లోరైట్‌లో కొన్ని నిమిషాలు ఉంచి, స్టెరైల్ నీళ్లతో మళ్లీ కడుగుతారు. అంచులు కోసేసి, అర సెంటీమీటరు ముక్కల్ని బంగాళదుంప రసం, డెక్స్‌ట్రోజ్, అగార్ పోసిన పెట్రీ ప్లేటులో పరుస్తారు. నాలుగైదు రోజులు పోయాక కోసిన అంచు నుంచి తెల్లటి పోగులు బయటికి పాకుతాయి. ఆ పోగు కొసను సూదితో తీసి ఇంకో ప్లేటులో నాటుతారు. అలా వేరుచేసిన శిలీంధ్రాన్ని ద్రావణంలో రెండు మూడు వారాలు పెంచి, ఇథైల్ అసిటేట్‌తో సారం తీసి, అందులో మందు కోసం వెతుకుతారు.

ఆ ముక్క ఏ చెట్టుదో మరచిపోకూడదు. ఆ బెరడులోనే టాక్సాల్ ఉంది. అది నీళ్లలో కరగదు, కొవ్వు పదార్థాలకు అంటుకుంటుంది. అంచున మొలిచిన పోగు దాన్ని తనతో మోసుకుపోవడం అసాధ్యమేమీ కాదు. పైగా వెతికేది నానోగ్రాముల్లో. యాంటీబాడీలతో చేసే పరీక్షలు టాక్సాల్‌ను పోలిన అణువుల్నీ టాక్సాల్‌గానే లెక్కవేయగలవు. క్రోమటోగ్రఫీ యంత్రం గీసిన శిఖరం టాక్సాల్ వచ్చే నిమిషానికే వచ్చినంత మాత్రాన అది టాక్సాల్ కానక్కర్లేదు. అణువును శుద్ధి చేసి, ఎన్ఎంఆర్‌తో నిర్మాణం చూపితే తప్ప దాన్ని రుజువు అనకూడదు. రసాయన శాస్త్రంలో మొదటి సంవత్సరం విద్యార్థికి చెప్పే పాఠమిది. దాన్ని పక్కనపెట్టి పత్రాల్ని అచ్చేసిన సంపాదకులూ, సమీక్షకులూ ఈ తప్పులో భాగస్వాములే.

జన్యువుల వైపు నుంచి చూస్తే ఈ వాదన మరీ బలహీనం. యూ చెట్టు టాక్సాల్‌కు ముందు మెట్టయిన బకాటిన్-3ను ఎలా కట్టుకుంటుందో విప్పడానికే శాస్త్రానికి దశాబ్దాలు పట్టింది. 2025లో స్టాన్‌ఫర్డ్ బృందం అంతవరకూ దొరకని జన్యువుల్ని పట్టుకుని, పొగాకు కుటుంబానికి చెందిన మొక్క ఆకుల్లో ఆ అణువును తయారు చేయించి చూపింది. పదికి పైగా ఎంజైములు ఒకదాని వెనుక ఒకటి పనిచేస్తే తప్ప అది రాదు. మన పెరళ్లలో పూసే బిళ్ళగన్నేరు సంగతీ అంతే. దాని ఎండు ఆకు 500 కిలోలు వాడితే దొరికే విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు ఒక గ్రాము. ఆ మందును ఈస్టుతో తయారు చేయించడానికి 2022లో 'నేచర్'లో పని వివరించిన బృందానికి, దాని ముందు అణువుల దాకా 30 మెట్లు ఎక్కించడానికి ఈస్టు జన్యువుల్లో 56 మార్పులు చేయాల్సి వచ్చింది. ప్రపంచంలోని మేటి ల్యాబ్ ఏళ్ల తరబడి చెమటోడ్చి సాధించిన ఆ పనిని, బిళ్ళగన్నేరు ఆకులో దొరికిన ఫలానా ఫ్యుసేరియం శిలీంధ్రం సహజంగానే చేసేస్తోందని ఎవరైనా అంటే, ఆ 30 ఎంజైముల్లో కనీసం నాలుగింటి జన్యువులైనా దాని జీనోమ్‌లో ఎక్కడున్నాయో చూపమని అడగాలి. అడిగేవాళ్లు లేకపోబట్టే ఈ పత్రాలు పుట్టుకొస్తున్నాయి.

ఈ కథలో మన దేశానికి పెద్ద పాత్రే ఉంది. పశ్చిమ కనుమల్లో నోథపోడైటిస్ అనే చెట్టుంది. మరాఠీవాళ్లు నరక్యా అంటారు. క్యాన్సర్‌కు వాడే టోపోటెకాన్, ఇరినోటెకాన్ మందులకు మూలమైన కాంప్టోథెసిన్ దానిలో దండిగా ఉంది. ఆ చెట్టులోని శిలీంధ్రం కాంప్టోథెసిన్ ఇస్తోందని జమ్మూ ప్రాంతీయ పరిశోధనశాల శాస్త్రవేత్తలు 2005లో ప్రకటించారు. తర్వాత చైనా మూలానికి చెందిన కాంప్టోథెకా చెట్టు నుంచి తీసిన ఫ్యుసేరియం మీద జర్మనీలోని డార్ట్‌మండ్ పరిశోధకులు పనిచేశారు. తమ శిలీంధ్రం కాంప్టోథెసిన్ ఇస్తోందని మొదట చెప్పింది వాళ్లే. ఒక ప్లేటు నుంచి ఇంకో ప్లేటుకు మారుస్తూ ఏడు తరాలు పెంచేసరికి దిగుబడి పడిపోయిందనీ, కీలకమైన స్ట్రిక్టోసిడిన్ సింథేజ్ అనే ఎంజైము ఆ శిలీంధ్రంలో లేదనీ, దానికోసం అది మొక్క మీదే ఆధారపడుతోందనీ 2011లో బయటపెట్టిందీ వాళ్లే.

బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఆర్. ఉమాశంకర్ బృందం నరక్యా శిలీంధ్రాల మీద చేసిన పని మన పరిశోధకులంతా చదవదగ్గది. తరాలు గడిచేకొద్దీ కాంప్టోథెసిన్ తగ్గిపోతోందనీ, శిలీంధ్రం ఎంత ఎక్కువగా పెరిగితే మందు శాతం అంత తక్కువగా ఉంటోందనీ 2010లో 'కరెంట్ సైన్స్'లో రాశారు. శిలీంధ్రం నిజంగా తయారుచేస్తుంటే దాని ఒళ్లు పెరిగేకొద్దీ మందూ పెరగాలి కదా! మూడేళ్లకు అదే పత్రికలో ఇంకో అడుగు ముందుకేసి, మొక్కల రసాయన మార్గాల జన్యువులు ఈ శిలీంధ్రాల్లో అసలున్నాయా అని నేరుగా ప్రశ్నించారు. అనుకున్నది రానప్పుడు రాలేదని అచ్చులో చెప్పడం శాస్త్రవేత్త చేయగల అతి పెద్ద సేవ. అలాంటి పత్రానికి దక్కిన గుర్తింపు, అద్భుతం దొరికిందన్న పత్రానికి దక్కిన దానిలో పదో వంతైనా లేకపోవడం మన విజ్ఞాన వ్యవస్థకు పట్టిన జాడ్యం.

దీనికి మూల్యం చెల్లించినవి చెట్లు. ఉత్తరాఖండ్‌లో థూనేర్ అని పిలిచే హిమాలయన్ యూ ఇప్పుడు అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో ఉంది. 1990ల నుంచి దాని అంతర్జాతీయ వాణిజ్యంపై ఆంక్షలున్నాయి. పశ్చిమ కనుమల్లో నరక్యాను నరికి బస్తాల్లో తరలించడం మహారాష్ట్ర అటవీ శాఖకు తలనొప్పిగా మారింది. బూజు దొరికింది కాబట్టి చెట్టు బతికిపోయినట్లేనని వరసగా పత్రాల ముందుమాటల్లో రాసినవారు, ఒక్క చెట్టునైనా కాపాడలేకపోయారు. టాక్సాల్ కొరతను తీర్చిన దారులు వేరు. యూ ఆకుల్లో దొరికే ముందు అణువును తీసుకుని మిగతాది రసాయన పద్ధతిలో పూర్తిచేయడం వాటిలో ఒకటి. ఆకు కోస్తే మళ్లీ చిగురిస్తుంది, బెరడులా కాదు. యూ కణాల్నే పెద్ద ట్యాంకుల్లో పెంచడం ఇంకొకటి. క్యాన్సర్ మందుల ముడిసరుకు తయారుచేసే కంపెనీలు హైదరాబాద్ చుట్టూ ఎన్నో ఉన్నాయి. బూజు దారి నిజంగా పనిచేసేదైతే ముందు వరసలో నిలబడి కొనుక్కునేది వాళ్లే.

మన విశ్వవిద్యాలయాల వృక్షశాస్త్ర, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ విభాగాల్లో ఎండోఫైట్ అన్నది పీహెచ్‌డీకి సులువైన అంశంగా మారిపోయింది. ఓ ఔషధ మొక్క, దాని ఆకులో దొరికిన బూజు, ఆ బూజు సారాన్ని అద్దిన కాగితపు బిళ్ల. ఆ బిళ్లను ఇ-కొలై పెంచిన ప్లేటు మీద పెడితే చుట్టూ ఖాళీ వలయం ఏర్పడుతుంది. స్కేలు పెట్టి వలయాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. ఆ అంకెతో ఓ పట్టిక, పట్టికతో ఓ అధ్యాయం. ఏ అణువు పనిచేసిందో తెలియదు. ఎంత గాఢతలో పనిచేసిందో చెప్పరు. మనిషి కణాల్ని చంపుతుందో లేదో చూడరు. ఇథైల్ అసిటేట్ సారం ఎక్కువ మోతాదులో పోస్తే ఏ బ్యాక్టీరియా అయినా చస్తుంది, డెట్టాల్ పోసినా చస్తుంది. పరిశోధక విద్యార్థిని మేము తప్పుపట్టం. ఫెలోషిప్ అయిదేళ్లకు ముగుస్తుంది, గైడు చెప్పిందే అంశం, ఎన్ఎంఆర్ యంత్రం ఉన్న ఊరికి వెళ్లడానికి డబ్బుల్లేవు. ఆ పరిస్థితి తెలిసీ, ఏడాదికో విద్యార్థిని అదే అచ్చులో పోస్తున్న గైడ్లదీ, సంతకం పెట్టి పంపే పరీక్షకులదీ తప్పు. విద్యార్థి వెళ్లిపోయాక ఆ శిలీంధ్రం ఫ్రిజ్‌లో వాడిపోతుంది. మరో ల్యాబ్ అడిగినా ఇవ్వడానికి ఏమీ మిగలదు. ఇవ్వలేని శిలీంధ్రం మీద వచ్చిన ఏ ఫలితమూ రుజువు కిందికి రాదు.

ఇంతకూ ఈ రంగంలో సాధించినవాళ్లు లేరా? ఉన్నారు, వాళ్లు వెతికింది వేరు. స్పెయిన్‌లో జునిపర్ మొక్క ఆకుల్లో నివసించే హార్మోనీమా అనే శిలీంధ్రంలో మెర్క్ కంపెనీ శాస్త్రవేత్తలకు ఎన్‌ఫ్యూమాఫంజిన్ అనే అణువు దొరికింది. 2000లో దాని వివరాలు వచ్చాయి. అది జునిపర్ తయారుచేసేది కాదు, శిలీంధ్రం తనకోసం తయారుచేసుకునేది. కాండిడా వంటి ఈస్టుల కణ కవచాన్ని అది కట్టనివ్వదు. నోటిద్వారా వేసుకుంటే ఒంటికి పట్టేలా దాన్ని మార్చడానికి రసాయన శాస్త్రవేత్తలకు చాలా ఏళ్లు పట్టింది. 2018లో దాన్ని కట్టే జన్యువునూ ఆ శిలీంధ్రంలోనే పట్టుకున్నారు. 2021 జూన్‌లో ఇబ్రెక్సాఫంగెర్ప్ పేరిట ఆ మందుకు అమెరికాలో అనుమతి లభించింది. మాత్ర రూపంలో వేసుకునే ఈ మందు, స్త్రీలను వేధించే కాండిడా ఇన్ఫెక్షన్‌కు వైద్యుల చేతికి వచ్చిన కొత్త ఆయుధం. ఆకులోని బూజు నుంచి మందు వస్తుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

న్యూజిలాండ్ పచ్చిక బయళ్లలో జరిగింది ఇంకా గొప్ప పని. అక్కడి రై గడ్డి మేసిన గొర్రెలు వణుకుతూ, తూలుతూ పడిపోయేవి. గడ్డిలో నివసించే ఎపిక్లోయి అనే శిలీంధ్రమే దీనికి కారణమని 1981లో తేలింది. అది తయారుచేసే లోలిట్రెమ్-బి అన్న విషం గొర్రె నరాల్ని దెబ్బతీస్తుంది. పోనీ శిలీంధ్రాన్ని తొలగిద్దామంటే గడ్డిని పురుగు తినేస్తోంది, ఎందుకంటే అదే శిలీంధ్రం పెరమిన్ అనే ఇంకో రసాయనంతో పురుగుల్ని తరిమేస్తోంది. శాస్త్రవేత్తలు ఓపిగ్గా వెతికి, పెరమిన్ ఇచ్చి లోలిట్రెమ్ ఇవ్వని సహజ రకాన్ని పట్టుకున్నారు. ఏఆర్1 పేరుతో ఆ శిలీంధ్రాన్ని గడ్డి విత్తనంలోనే పెట్టి రైతులకు అమ్ముతున్నారు. ఏ రసాయనం ఏ పని చేస్తోందో వాళ్లకు తెలుసు, ఏ జన్యువు దాన్ని నడుపుతోందో తెలుసు. అందుకే అది రైతు పొలం దాకా వెళ్లింది.

మొక్కలో ఉన్న రసాయనం శిలీంధ్రంలో ఎన్నటికీ ఉండదని మేము అనడం లేదు. ఉందని రుజువైన ఉదాహరణ మన ద్రాక్ష రైతులకు బాగా తెలుసు. కాయ సైజు పెరగడానికి వాళ్లు కొట్టే జీఏ, అంటే జిబ్బరెల్లిక్ ఆమ్లం, మొక్కల్లో ఉండే హార్మోను. దాన్ని ఫ్యాక్టరీల్లో తయారుచేసేది ఫ్యుసేరియం అనే శిలీంధ్రమే. వరి మొక్కను పిచ్చిగా సాగదీసే ఒక జబ్బును పరిశీలిస్తూ, ఆ శిలీంధ్రం స్రవించే పదార్థమే దానికి కారణమని జపాన్ శాస్త్రవేత్త కురోసావా 1926లో చూపాడు. తర్వాత తరాల వాళ్లు జన్యువుల్ని వెలికితీసి, మొక్క ఒక దారిలో, శిలీంధ్రం ఇంకో దారిలో విడివిడిగా ఆ అణువును చేరుకున్నాయని నిరూపించారు. అలాంటి రుజువు టాక్సాల్‌కు ఎవరైనా తెస్తే ఈ పేజీలోనే అభినందిస్తాం. మౌలిక పరిశోధనకు ఓపిక కావాలన్న సమర్థన మాకు ఆమోదమే. 30 ఏళ్ల పాటు అదే ప్రశ్నను అదే లోపభూయిష్ట పద్ధతిలో అడుగుతూ పోవడాన్ని ఓపిక అనలేం.

కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ ఇప్పుడు చేయాల్సింది కష్టమైన పనేమీ కాదు. మొక్క మందును శిలీంధ్రం ఇస్తోందన్న ప్రతి ప్రతిపాదనకూ ముందు షరతులు పెట్టాలి. మొక్క ముక్కతో సంబంధం లేకుండా పలు తరాలు పెంచిన శిలీంధ్రంలోనూ ఆ అణువు కనిపించాలి. గుర్తుపెట్టిన కార్బన్ ఉన్న చక్కెరను మేతగా వేస్తే ఆ గుర్తు మందు అణువులో తేలాలి, మొక్క నుంచి మోసుకొచ్చిన అణువైతే ఆ గుర్తు ఉండదు. జీనోమ్ చదివి జన్యువుల వరుస చూపాలి. సంబంధం లేని మరో ల్యాబ్ అదే ఫలితం సాధించాలి. ఇవి నెరవేరాకే రెండో విడత నిధులు. జీవవైవిధ్య చట్టం ప్రకారం కొత్త జాతి ఏది దొరికినా గుర్తింపు పొందిన నిలయానికి తెలిపి నమూనా అప్పగించాలి. కొత్తదైనా పాతదైనా, ప్రజాధనంతో వేరుచేసిన ప్రతి ఎండోఫైట్‌కూ ఇదే నియమాన్ని వర్తింపజేయాలి.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోని విశ్వవిద్యాలయాల ఉపకులపతులు కేంద్రం కోసం కాచుకుని కూర్చోనక్కర్లేదు. పుణెలోని ఆఘర్కర్ సంస్థ నిర్వహిస్తున్న జాతీయ శిలీంధ్ర నిలయంలోనో, చండీగఢ్‌లోని సూక్ష్మజీవుల నిలయం ఎంటీసీసీలోనో శిలీంధ్రాన్ని జమచేసిన సంఖ్య లేని ఎండోఫైట్ సిద్ధాంత గ్రంథాన్ని మూల్యాంకనానికే పంపబోమని వచ్చే విద్యా సంవత్సరం నుంచి ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు. శుద్ధి చేసిన అణువు, దాని ఎన్ఎంఆర్ వివరాలు లేని 'ఔషధ గుణాల' అధ్యాయాన్నీ అదే ఉత్తర్వుతో తిప్పి పంపాలి. వలయాల కొలతలకు పోస్తున్న డబ్బును విశ్వవిద్యాలయాలన్నీ కలిసి వాడుకునే ఎన్ఎంఆర్, మాస్ స్పెక్ట్రోమెట్రీ కేంద్రాలకూ, శిలీంధ్రాల్ని బతికించి కాపాడే సిబ్బంది జీతాలకూ మళ్లించాలి.